మా అత్త నడుం వాల్చిన ఏడు

మా అత్త హన్నమ్మ పగటిపూట ఊరికే కూర్చోగా చూసినవాళ్ళు మా పేటలో ఎవరూ లేరు. ఇక పడుకోవడం సంగతి దేవుడెరుగు. నేను తాడేపల్లిగూడెం నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, ఈవిడ నడుం వంగదేమో అనుకున్నాను. వంగుతుందని ఊడ్పులు వచ్చాక తెలిసింది. వరి నాటడానికి మడిలో అందరికంటే ముందు వంగేదీ, అందరికంటే ఆఖరున లేచేదీ ఆ నడుమే.

ఆదివారం చర్చిలో కూడా ఆవిడ చేతులు ఊరుకునేవి కావు. ఒళ్ళో జనుపనార కట్ట పెట్టుకుని, ఆరాధన సాగినంతసేపూ తొడమీద తాడు పేనుతూనే ఉండేది. మాకు బడీ గుడీ రెండూ చూసే పేతురు పంతులుగారు చెప్పి చూశారు.

"కళ్ళు మూసుకునే ఉన్నాను కదండీ. చేతుల్ని కూడా మూసుకోవాలాండీ?" అంది.

ఆయన మరి మాట్లాడలేదు. హన్నమ్మతో వాదన పెట్టుకునే ధైర్యం మా పేటలో పుంజులక్కూడా లేదు.

దానికో కారణముంది. పెళ్ళయిన వారంలోనే మా పక్కింటి అచ్చమ్మ పిన్ని నా చెవిన వేసింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా అత్త అన్నం తిని కాస్త నడుం వాల్చిందట. లేచేసరికి మా మామగారి దోనె కొల్లేటిలో బోర్లాపడి ఉంది, ఆయన దక్కలేదు. అప్పటికి మా ఆయన క్రీస్తుదాసు చంకలో పిల్లాడు. ఆవేళ్టి నుంచి ఆవిడ పగలు నడుం వాల్చలేదు.

ఇక నా సంగతి. దొరల రాజుగారి జూబిలీ జరిగిన మరుసటి ఏడు నేను రెండోసారి కడుపుతో ఉన్నాను. మొదటిది నిలవలేదు. కిందటేడు ఊడ్పుల్లో, మోకాలి లోతు బురదలో నిలబడి ఉండగానే పోయింది. ఈసారి మా ఆయన నన్ను ఏలూరు ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. అక్కడి డాక్టరు దొరసానమ్మ పరీక్ష చేసి, చేతులు కడుక్కుని, వచ్చినంత తెలుగులో నెమ్మదిగా చెప్పింది. ఊడ్పు వద్దు, బరువు వద్దు, రోజూ మధ్యాహ్నం పడుకోవాలి, లేకపోతే ఈ బిడ్డ కూడా దక్కదు.

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాం.

"పడుకోవాలా? మధ్యాహ్నమా?" అంది మా అత్త, దొరసానమ్మ నన్ను లండన్ పంపమన్నట్టు.

"అవునమ్మా. బిడ్డ పుట్టేదాకా," అన్నాడు మా ఆయన.

"అలాగే పడుకోమను. నేనేమన్నా వద్దన్నానా? దాని పని కూడా నేనే చేస్తాను."

అక్కడే వచ్చింది చిక్కంతా. ఆవిడ అన్నమాట తప్పే మనిషి కాదు. నేను చాప పరుచుకుని పడుకుంటే, నా తల పక్క నుంచే గేదెకు కుడితి మోసుకువెళ్ళేది. నా వంతు ధాన్యం తనే దంచేది. ఒక్కొక్క పోటుకీ నేల అదిరేది, ఆ అదురు చాపలోంచి నా వెన్నుకి తగిలేది. అత్త దంచుతూంటే కోడలు పడుకుని చూస్తుందా? మా అమ్మ నన్నలా పెంచలేదు. లేచి వెళ్ళి రెండో రోకలి పట్టుకునేదాన్ని.

"నిన్ను పడుకోమన్నానా?" అని కసిరేది.

"మీరు కాసేపు కూర్చోండత్తయ్యా, నేను పడుకుంటాను."

"నేను కూర్చుంటే ఇల్లెవరు చూస్తారే?"

ఇద్దరం కలిసి దంచేవాళ్ళం. ఆవిడ ఆగితేగాని నాకు పడక లేదు. ఆవిడ ఆగదు. నా కడుపులో బిడ్డ బతుకు ఆ మనిషి మొండితనం మీద ఆధారపడి ఉందని తల్చుకుంటే నాకు ఒళ్ళు మండేది, వెంటనే భయం వేసేది. రాత్రిపూట మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నేను దేవుణ్ణి బిడ్డను కాపాడమని అడగడం మానేశాను. మా అత్తను ఒక్క పూట కూలబెట్టు తండ్రీ, మిగతాది నేను చూసుకుంటాను అనేదాన్ని.

శ్రావణంలో వాన పట్టుకుంది. పేతురు పంతులుగారు మీటింగుందని ఏలూరు వెళ్ళారు. ఆయన అటు వెళ్ళగానే గుండుగొలను వైపు దారి మునిగింది. ఆ వెనకే కొల్లేరు పొంగి మా పేటలోకి వచ్చేసింది. మా పేటలో ఎత్తయిన చోటంటే చర్చి దిబ్బ ఒక్కటే. చర్చంటే పెద్దదేమీ కాదు, మట్టిగోడల మీద తాటాకు పాక. పేట పేటంతా పిల్లల్నీ, కోళ్ళనీ, కుండల్నీ చంకనేసుకుని అందులో చేరాం. గేదెల్ని బయట దిబ్బమీద కట్టాం.

పొలాలు నీళ్ళకింద ఉన్నాయి, ఎవరికీ చేద్దామన్నా పనిలేదు. మా అత్తకి మాత్రం ఊపిరాడనంత పని. చూరు తాళ్ళు బిగించేది. ఎవరి పిల్లలైనా సరే పట్టుకుని తలలో పేలు చూసేది. ఊడ్చిన నేలే మళ్ళీ ఊడ్చేది, అక్కడ ఎవరన్నా కూర్చుని ఉంటే లేపి మరీ ఊడ్చేది. మా సంఘపెద్ద యోబు తాత వయసు మీరిన మనిషి, గోడకి ఆనుకుని కూర్చుంటే హాయి. ఆయన్ని ఒక్క పూటలోనే ఎన్నిసార్లు లేపిందో.

"హన్నమ్మా, నన్నూ ఊడ్చేసి ఆ నీళ్ళలో పారబోసెయ్యి. నీకూ నాకూ గొడవొదిలిపోద్ది," అన్నాడాయన.

"పక్కకి జరగండి మావా," అంది మా అత్త.

మా ఆయన రోజూ పెద్దిరాజుతో కలిసి దోనెలో వెళ్ళేవాడు. పెద్దిరాజు వడ్డివాళ్ళ పేటలో చేపలు పట్టే మనిషి. కొల్లేటిలో ఏ దారిన నీళ్ళు ఉరుకుతాయో, ఏ దారిన నిలుస్తాయో అతనికి తెలుసు. ఇద్దరూ మెరక చూసి గేదెలకు గడ్డి కోసుకొచ్చేవాళ్ళు, దొరికితే బియ్యం తెచ్చేవాళ్ళు. దోనె తిరిగొచ్చేదాకా మా అత్త గుమ్మం దగ్గరే ఏదో ఒక పని పెట్టుకునేది. అప్పుడు మాత్రం ఎవరైనా పలకరిస్తే పలికేది కాదు.

అలా ఉండగా మాకు ఆదివారం ఎప్పుడన్న సందేహం వచ్చింది. మా పేటలో వారాలు తెలిసేది సంత వల్లా, పంతులుగారు కొట్టే గంట వల్లా. సంత మునిగింది. పంతులుగారు ఏలూరులో ఉండిపోయారు. పైగా మధ్యలో ముసురు ఎంత చీకటిగా పట్టిందంటే, పొద్దు పొడిచిందో గుంకిందో ఎవరికీ తెలియలేదు. ఆ చీకటి ఒక్క రోజే ఉందని అచ్చమ్మ పిన్ని, కాదు రెండు రోజులని యోబు తాత.

"నేను రెండుసార్లు నిద్రలేచానమ్మాయ్. రెండు రోజులు కాదా?"

"అన్నం తిన్నాక కూడా నిద్రలేస్తారు కదా మావా మీరు. అవన్నీ రోజులేనా?"

పాకంతా నవ్వింది. నవ్వినా, సంఘపెద్ద మాట తీసెయ్యలేం కదా. మర్నాడే ఆదివారమని ఖాయం చేసుకున్నాం.

మర్నాడు వాన తెరిపిచ్చింది. గంట బదులు వేలాడదీసిన రైలు కమ్మీ ముక్కని యోబు తాతే కొట్టాడు. అందరం తలలు దువ్వుకుని, ఉన్నవాటిలో పొడిగా ఉన్నవి కట్టుకుని, పాకలో ఈ పక్క నుంచి లేచి ఆ పక్క కూర్చున్నాం. చర్చికి వెళ్ళడమంటే ఆవేళ మాకు అంతే. గేదెలకి ఆదివారం తెలియదు కాబట్టి మా ఆయన మాత్రం తాత దగ్గర సెలవు తీసుకుని పెద్దిరాజుతో గడ్డికి వెళ్ళాడు. మా అత్త నా పక్కన, నీళ్ళు కనబడేలా కూర్చుని నారకట్ట విప్పింది.

పంతులుగారు లేరు కనక, గూడెం మిషను బళ్ళో అయిదు చదివిన నన్ను వాక్యం చదవమన్నారు.

"ఏం చదవమంటారు తాతా?"

"నీళ్ళున్నది చదువమ్మా," అన్నాడు.

ప్రభువు శిష్యులతో పడవెక్కిన సంగతి తీశాను. గాలివాన లేచింది, పడవలోకి నీళ్ళు వచ్చేస్తున్నాయి. ఆయన మాత్రం పడవ వెనకభాగంలో తలగడ మీద నిద్రపోతున్నాడు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మా అత్త, "ఆగు" అంది.

వాక్యం చదివేవాళ్ళని మధ్యలో ఆపడం మేమెన్నడూ ఎరగం. నేను ఆగాను.

"పడుకున్నాడా?"

"పడుకున్నారండి."

"వాళ్ళంతా అలా కంగారుపడి చస్తూంటే?"

"అవునండి."

"తలగడ కూడా ఉందా?"

"ఉందండత్తయ్యా. ఇక్కడ రాసుంది."

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆవిడ నవ్వలేదు. ఈ సంగతి ఆవిడ చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఆయన లేచి గాలిని గద్దించడం అందరికీ గుర్తుంటుంది. అంతకు ముందు నిద్రపోయిన ముక్క ఆవిడ చెవిన పడింది మాత్రం ఆవేళే.

"ఆయనే పడుకుంటే, మరి పడవెవరు చూసినట్టు?" అని అడిగింది.

యోబు తాత దగ్గాడు. గొంతు సవరించుకుని మళ్ళీ దగ్గాడు. అచ్చమ్మ పిన్ని ఒళ్ళో మనవణ్ణి జోకొడుతూ, "వాళ్ళ నాన్న చూసుంటాడు" అంది, ఎవరింట్లోనో సంగతి చెప్పినట్టు మామూలుగా.

నేను మిగతాది చదివాను. చదువుతూ ఒకసారి పక్కకి చూస్తే, ఆవిడ చేతిలో నార కదలడం లేదు.

తర్వాత యోబు తాత ప్రార్థన ఎత్తుకున్నాడు. ఆయన ఎత్తుకుంటే ఆదాము దగ్గర్నుంచి నడిచి రావాలి. నోవహు ఓడ దగ్గరకు వచ్చేసరికి నా భుజం మీద ఏదో బరువు పడింది. పైన వాసం మీంచి కోడి దిగిందేమో అనుకున్నాను. చూస్తే మా అత్త తల. నోరు కాస్త తెరుచుకుని, సన్నగా గురకపెడుతూ నిద్రపోతోంది.

నేను భుజం కదపలేదు. యోబు తాత ఒక కన్ను తెరిచి చూశాడు. ఆయన గొంతు తగ్గింది. ఆమెన్ దగ్గరకొచ్చేసరికి గుసగుస అయిపోయింది. పాకంతా గుసగుసగానే ఆమెన్ అంది. ఆ తర్వాత పాట పాడాలి, ఎవరూ ఎత్తుకోలేదు. అచ్చమ్మ పిన్ని కోళ్ళని ఒక్కొక్కదాన్నే బయటికి తోలి, పిల్లల్ని తీసుకుని దిబ్బ చివరికి వెళ్ళిపోయింది. యోబు తాత తన తువ్వాలు ఉండచుట్టి నా చేతికిచ్చాడు. దాన్ని ఆవిడ తలకింద పెట్టి, మెల్లగా చాపమీదకి వాల్చాను. పక్కనే నేనూ వాలాను. అత్తే పడుకుంది, ఇక నాకేం సిగ్గు? ఎన్నాళ్ళకో నా ఒళ్ళంతా నేలకి ఆనింది. కడుపు మీద చెయ్యి వేసుకుని, సంతోషం పట్టలేక ఏడ్చి, ఏడుస్తూనే నిద్రపోయాను.

దీపాలు పెట్టేవేళకి మా అత్త ఒక్క ఉదుటున లేచి కూర్చుంది. ఆ కుదుపుకి నేనూ లేచాను.

"దాసేడి?"

"ఇక్కడే ఉన్నానమ్మా," అన్నాడు మా ఆయన గోడవార నుంచి.

"ఎప్పుడొచ్చావు?"

"మధ్యాహ్నమే వచ్చేశాను. గేదెలకి గడ్డేశాం. గంజి కూడా తాగాను."

"పిల్లలు?"

"అందరూ ఉన్నారు."

"ఏమీ అవలేదా?"

"ఏమవుతుందమ్మా?"

ఆవిడ లేచి వెళ్ళి కొడుకు చెయ్యి పట్టుకుంది. పట్టుకుని అలాగే చాలాసేపు నిలబడిపోయింది. ఆ రాత్రి ఆవిడ అన్నం బాగా తింది.

తెల్లారేసరికి నీళ్ళు తగ్గడం మొదలైంది. ఇంకేముంది, సోమవారం కదా, మా అత్త వెలుగు రాకుండానే పాకంతా లేపేసింది. గుడిసెల్లో పేరుకున్న ఒండ్రు ఎత్తిపోయాలి, ఆకుమళ్ళలో బతికిన వరినారు ఏరుకోవాలి. నన్ను పడుకోమంటూనే తను పెద్ద తట్ట నెత్తికెత్తుకుంది. నేనూ ఓ చిన్న తట్ట తీసుకున్నాను. నిన్నటి భాగ్యం నిన్నటితోనే సరి అనుకుంటే నా ప్రాణం ఉసూరుమంది.

అందరం మోకాళ్ళ దాకా బురదలో ఉండగా పెద్దిరాజు దోనె వచ్చింది. దోనెలో పేతురు పంతులుగారు తెల్లపంచె, తెల్లచొక్కాతో, చంకలో గొడుగుతో నిలబడి ఉన్నారు. అంత దూరం నుంచే, "ఏవండీ, అందరూ కులాసాయేనా అండీ?" అని కేకేశారు. దోనె దగ్గరకొచ్చింది. సంఘపెద్ద యోబు తాత ముఖాన బురదతో, నెత్తిన తట్టతో ఎదురొచ్చాడు.

"ఏంటండీ తాతగారూ ఇది? ఆదివారం పూట?"

"ఆదివారం నిన్న కదండీ."

"నిన్న శనివారమండీ."

"కాదండీ పంతులుగారూ. నిన్న మేం ఆరాధన కూడా చేశామండీ. సువర్ణమ్మ వాక్యం చదివింది." సువర్ణంటే నేనే.

పెద్దిరాజు దోనె తోసే గడ మీద వాలిపోయి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "మీ దేవుడు ఓ రోజు ముందే వచ్చేశాడేంటి తాతా?"

"ఒక్క రోజేనని నేను చెప్పానా లేదా?" అంది అచ్చమ్మ పిన్ని.

యోబు తాత నవ్వలేదు. తట్ట దించి, బురదచేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. ప్రభువు దినాన సంఘాన్నంతా బురదలో దింపాను కదయ్యా అన్నాడు. పంతులుగారు గబగబా దోనె దిగి, వరదలో ఎవరికైనా పొరపాటు జరుగుతుందిలెండి అని ఆయన భుజం పట్టుకున్నారు. అప్పటిదాకా తట్ట నెత్తినే పెట్టుకుని వింటున్న మా అత్త ముందుకొచ్చింది.

"అయితే పంతులుగారూ, నేను పడుకున్నది శనివారమాండీ?"

"మీరు పడుకున్నారా?" అన్నారు పంతులుగారు. ఆదివారం తప్పిందన్నదానికన్నా ఆ మాటకే ఎక్కువ విస్తుపోయారు.

"పడుకున్నానండి. పొద్దుగుంకేదాకా లేవలేదు. ఆయన రోజు కదా, ఆ ఒక్క పూటా ఆయనే చూసుకుంటాడులే అనుకున్నాను. తీరా చూస్తే శనివారమంటున్నారు."

"శనివారమేనండి."

"అంటే మామూలు రోజు కూడా చూశాడన్నమాట," అంది.

ఎవరితోనూ కాదు, తనలో తను అంది. తట్ట దించింది. నీళ్ళ ఒడ్డుకి వెళ్ళి చేతులూ కాళ్ళూ శుభ్రంగా కడుక్కుని వచ్చి యోబు తాత ముందు నిలబడింది.

"ఏడవకండి మావా. మీరు లెక్క తప్పబట్టే నాకు నిద్రపట్టింది. లేవండి, ఆదివారం ఇంకోసారి చేసుకుందాం."

ఆ రెండో ఆదివారం లాంటి ఆదివారం మా పేటలో మళ్ళీ జరగలేదు. ఒంటిమీద బురద సగం కడిగీ కడగకుండా కూర్చున్నాం. నిన్న పాడని పాట కూడా కలిపి పాడాం. పెద్దిరాజు గుమ్మంలో కూర్చుని గడతో నేలమీద తాళం వేశాడు. మా అత్త నారకట్ట తెచ్చుకోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి ఒళ్ళో పెట్టుకుంది, ఒకసారి చంకల్లో పెట్టుకుంది. చివరికి నా చెయ్యి పట్టుకుంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

నీళ్ళు పూర్తిగా తీశాక మునిగిన మళ్ళన్నిట్లో మళ్ళీ నారు ఊడ్చాల్సి వచ్చింది. రైతులు మనుషుల కోసం పేటలు పట్టుకుని తిరిగారు. మేం పనిచేసే రైతు సుబ్బరాజుగారు ఒక మధ్యాహ్నం మా గుమ్మం ముందుకే వచ్చారు. మా అత్త పొద్దుటి మడి ఊడ్చి, అప్పుడే ఇంటికొచ్చి గంజి తాగింది. నేను లోపల చాపమీద ఉన్నాను.

"హన్నమ్మా, నీ కోడలేదీ? ఊడ్చాల్సిన ఆకు ముదిరిపోతోంది, దాన్ని కూడా రమ్మను," అన్నారు సుబ్బరాజుగారు.

"ఆయ్, రాదండయ్యగారూ. పడుకుందండి."

"ఒంట్లో బాగోలేదా?"

"శుభ్రంగా ఉందండి."

"మరెందుకు పడుకుంది?"

"ఊరికే పడుకుందండి."

సుబ్బరాజుగారు చెడ్డమనిషేం కాదు. ఆ మాట ఆయనకి అర్థం కాలేదు, అంతే. పేటలో ఒక ఆడమనిషి పట్టపగలు ఊరికే పడుకుంటుందని ఆయన పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆ మాటకొస్తే నేనూ వినలేదు. నోట్లో కొంగు కుక్కుకుని నవ్వు ఆపుకున్నాను.

"పోనీ నువ్వన్నా పద. పడమటి మడి అలాగే ఉంది," అన్నారాయన.

"కాసేపాగి వస్తానండి. మీరు పదండి అయ్యగారూ."

ఆయన చెప్పుల చప్పుడు వీధి మలుపు దాకా వినబడింది. మా అత్త లోపలికొచ్చింది. కుడితి కుండ వైపు చూసింది, రోలు వైపు చూసింది. తర్వాత నా పక్కకొచ్చి, "కాస్త జరుగమ్మా" అంది. జరిగాను. ఇద్దరం ఒక్క చాపమీద పడుకున్నాం. ఆ తర్వాత రోజూ అంతే. ఊడ్పులయ్యాయి, కోతలు వచ్చాయి, మధ్యాహ్నమయ్యేసరికి ఆ "జరుగమ్మా" మాత్రం తప్పలేదు.

క్రిస్మస్ ఇంకో వారముందనగా విక్టోరియా పుట్టింది. బొద్దుగా, నల్లగా, పేట అదిరిపోయే గొంతుతో పుట్టింది. కాసేపు ఏడ్చింది, పాలు తాగింది, ఆ వెంటనే పిడికిళ్ళు వదిలేసి ఒళ్ళు మరిచి నిద్రపోయింది. మా అత్త దాని పక్కన చతికిలబడి చాలాసేపు చూసింది.

"చూడవే సువర్ణా," అంది, "దీనికెవరూ నేర్పలేదు."